తక్కువ ఖర్చులో క్లోజప్ కెమెరా: తిరుపతి, చిత్తూరు వైపు కొనేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

ఆరుద్ర కార్తెలో తొలి వానలు పడగానే చంద్రగిరి చుట్టుపక్కల ఎర్రనేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఒంటినిండా నూగుతో వేలిగోరంత ఉండే ఆ పురుగుని ఫోన్‌తో తీస్తే ఫొటోలో ఎర్ర చుక్క తప్ప ఏమీ మిగలదు. సంక్రాంతి దాటాక మామిడి పూతలో తేనెమంచు పురుగు సంగతీ అంతే. రైతు దాన్ని ఫొటో తీసి వ్యవసాయ అధికారికి పంపితే అవతల ఆయనకి పూత కనిపిస్తుంది, పురుగు కనిపించదు. శ్రీకాళహస్తి కలంకారీలో గీత సన్నదనం చూపించాలన్నా, బంగారు అంగట్లో ముక్కుపుడక పనితనం చూపించాలన్నా ఇదే ఇబ్బంది. వెంటనే అందరూ అడిగే మాట ఒకటే: "ఏ కెమెరా కొనాలి?"

నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. క్లోజప్‌కి వరస వేరు. తీయాల్సింది ఎంత చిన్నది, దానికి ఎంత దూరంలో నిలబడాలి, వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది అన్న మూడూ తేలాక బాడీ (లెన్స్ లేని ఒట్టి కెమెరా) సంగతి దానంతటదే తేలిపోతుంది. అప్పటికి బాడీ మీద పెట్టాల్సిన డబ్బు కూడా బాగా తగ్గి ఉంటుంది. చేతిలో ఉన్న 30 వేలూ కొత్త బాడీకి పోసి, దాంతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో సరిపెట్టుకుని, ఆరు నెలలకి కెమెరాని బీరువాలో పెట్టేసినవాళ్ళు మన ఊళ్ళో తక్కువేం కాదు.

1. ముందు స్కేలు తియ్యండి

క్లోజప్‌లో మెగాపిక్సెళ్ళ లెక్క పక్కన పెట్టి మిల్లీమీటర్ల లెక్క పట్టుకోవాలి. ఫోకస్ కుదిరే చివరి దూరం దాకా కెమెరాని దగ్గరికి తీసుకెళ్ళి, పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలుని అడ్డంగా ఫొటో తియ్యండి. ఫ్రేములో ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని మిల్లీమీటర్లు పడ్డాయో చూడండి. ఎంత తక్కువ పడితే ఆ కెమెరా అంత దగ్గరగా చూపిస్తున్నట్టు. అంగట్లో ఏ కెమెరా చేతికిచ్చినా, ఏ లెన్స్ చూపించినా ఈ పరీక్ష చెయ్యొచ్చు.

వస్తువు అసలు ఎంత ఉందో సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద దాని బొమ్మ కూడా అంతే పడితే దాన్ని 1:1 అంటారు. చవగ్గా దొరికే డీఎస్ఎల్ఆర్‌లన్నిటిలో దాదాపుగా ఉండేది ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్. దాని వెడల్పు క్యానన్‌లో 22.3 మి.మీ., నికాన్‌లో, సోనీలో సుమారు 23.5 మి.మీ. అంటే 1:1 దగ్గర ఫొటోలో అడ్డంగా పట్టేది ఆ కాస్తే. పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మి.మీ. కాబట్టి 1:1లో తీస్తే బిళ్ల అంచులు రెండు పక్కలా ఫ్రేము దాటిపోతాయి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మి.మీ., ఒలింపస్, పానసోనిక్ వాడే మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ 17.3 మి.మీ. వెడల్పు ఉంటాయి. అదే 1:1 అని రాసి ఉన్నా చిన్న సెన్సర్ మీద పురుగు ఫ్రేముని ఎక్కువ నింపుతుంది. లెన్స్ డబ్బా మీద అంకె కంటే మీ స్కేలు ఫొటోనే నమ్మండి అనేది అందుకే.

ఇక మీరు తీయబోయేదాని కొలత. రెక్కలు విప్పిన సీతాకోకచిలుక 5 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. దీనికి ప్రత్యేకంగా ఏదీ కొనక్కర్లేదు. మామూలు 18-55 మి.మీ. కిట్ లెన్సుల్లో (ఈ అంకె ఫోకల్ లెంగ్త్, పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి) చాలావాటిని 55 దగ్గర పెట్టి దగ్గరికెళితే ఫ్రేములో 6, 7 సెంటీమీటర్లే పడతాయి. తేనెటీగ, ఆరుద్ర పురుగు, గెంతే సాలీడు, ముక్కుపుడక ఇవన్నీ ఒక సెంటీమీటరు అటూఇటూ. వీటికి 1:1 దాకా వెళ్ళాలి. తేనెమంచు పురుగు 4, 5 మి.మీ. మించదు, అంటే 2:1 (బొమ్మ అసలుకి రెట్టింపు) కావాలి. మిరప తోటలో తామర పురుగు అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాన్ని తీయాలన్న పట్టుదల ఉంటే అది వేరే ఖర్చు, వేరే ఓపిక. మొదటి కెమెరాతో ఆ పని పెట్టుకోవద్దు.

ఫోన్ మాట కూడా ఇక్కడే తేల్చుకోండి. తక్కువ ధర ఫోన్లలో 2 మెగాపిక్సెల్ మాక్రో (అంటే క్లోజప్) కెమెరా అని ఒకటి పెడతారు. అది సంఖ్య పెంచుకోవడానికి పెట్టిందే తప్ప దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. అల్ట్రావైడ్ కెమెరాకి ఆటోఫోకస్ ఉన్న ఫోన్లు అలా కాదు, అవి రెండు మూడు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్ళి బాగానే తీస్తాయి. ఐఫోన్లలో ఈ సౌకర్యం 2021లో 13 ప్రోతో వచ్చింది. మీ ఫోన్‌తో స్కేలు తీసి చూడండి. పూత మీద తెగులు, ఆకు మీద పేనుబంక అధికారికి చూపించడం వరకే మీ అవసరమైతే, అలాంటి ఫోనో, ఉన్న ఫోన్‌కి తగిలించే క్లిప్ మాక్రో లెన్సో చాలు. మిగతా వ్యాసం చదవకపోయినా నష్టం లేదు.

2. ఎంత దూరంలో నిలబడగలరు?

లెన్స్ ముందు కొస నుంచి పురుగు దాకా ఉండే ఖాళీని వర్కింగ్ డిస్టెన్స్ అంటారు. కొనేటప్పుడు దీని గురించి అడిగేవాళ్ళు అరుదు. కొన్నాక మొదటి ఇబ్బంది దీంతోనే వస్తుంది. ఒకే 1:1ని 40 మి.మీ. మాక్రో లెన్స్‌తో తీయాలంటే పురుగుకి నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్ళాలి. లెన్స్ నీడ దాని మీదే పడుతుంది, తూనీగైతే అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది. 60 మి.మీ. లెన్స్‌తో సుమారు 9, 10 సెంటీమీటర్లు, 100 మి.మీ. లెన్స్‌తో దాదాపు 15 సెంటీమీటర్ల ఎడం దొరుకుతుంది.

నగలు, నాణేలు, కలంకారీ బట్ట, పూలు ఎక్కడికీ పోవు. వాటికి 40, 50, 60 మి.మీ. చాలు, పైగా చవక. కదిలే పురుగులకి 90 మి.మీ. పైన ఉండాలి, లేదా టెలిఫొటో జూమ్ (దూరపువి దగ్గరకి లాగే లెన్స్) మీద క్లోజప్ లెన్స్ తగిలించాలి. కందిరీగ గూడు, తేలు లాంటివి తీసేవాళ్ళకి ఈ ఎడం ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు.

3. దగ్గరగా చూపించేది ఏది: నాలుగు దారులు

డబ్బు ఆదా అయ్యేదీ, వృథా అయ్యేదీ ఇక్కడే. అందుకే ఈ భాగం కాస్త నిదానంగా చదవండి.

అన్నిటికంటే చవక రివర్స్ రింగ్. కొన్ని వందల్లో వస్తుంది. లెన్స్‌ని తిరగేసి, దాని ముందు భాగం కెమెరా వైపు వచ్చేలా బిగించడమే పని. 50 మి.మీ. లెన్స్ తిరగేస్తే సుమారు 1:1 వస్తుంది, 28 మి.మీ. తిరగేస్తే 2:1 దాటుతుంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్ తగ్గేకొద్దీ పురుగు పెద్దదవుతుంది. రింగు కొనేముందు లెన్స్ ముందు అంచు మీద వ్యాసం గుర్తు పక్కన ఉన్న అంకె చూసుకోవాలి. క్యానన్ 18-55కి ఎక్కువగా 58, క్యానన్ 50 ఎస్‌టీఎంకి 49 అని ఉంటుంది. చిక్కేమిటంటే తిరగేసిన లెన్స్‌కి బాడీతో కరెంటు సంబంధం తెగిపోతుంది. ఆటోఫోకస్ ఉండదు, కొత్త తరం లెన్సులైతే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం) కూడా మన చేతిలో ఉండదు. అందుకని దీనికి పాత ఫిలిం కాలపు 50 మి.మీ. లెన్స్, అదీ ఒంటి మీదే అపర్చర్ తిప్పే రింగు ఉన్నది, శ్రేష్ఠం. పాత స్టూడియోల్లో బీరువాల అడుగున ఇవి ఇంకా ఉన్నాయి. అడిగితే నామమాత్రపు ధరకి ఇచ్చేస్తారు. దూరం మాత్రం కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి ఇది కదలని వాటికే.

రెండోది ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. బాడీకీ లెన్స్‌కీ మధ్య పెట్టే బోలు గొట్టాలు, లోపల గాజు ఉండదు. లెక్క సులువు: గొట్టం పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, లెన్స్‌కి ముందే ఉన్న శక్తికి (1:1 అంటే 1) కలుపుకోవాలి. క్యానన్ 50 ఎఫ్ 1.8 ఎస్‌టీఎం సొంత శక్తి 0.21. దానికి 36 మి.మీ. గొట్టం పెడితే 0.72 కలిసి 0.93 అవుతుంది. అంటే ఫ్రేములో అడ్డంగా 24 మి.మీ., దాదాపు 1:1. అదే గొట్టాన్ని 250 దగ్గర పెట్టిన జూమ్‌కి తగిలిస్తే కలిసేది 0.14 మాత్రమే. పొట్టి లెన్సులకే గొట్టాలు లాభం. కొనేటప్పుడు లోపల బంగారు రంగు కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. కాంటాక్టులు లేని చవక రకం పెడితే క్యానన్‌లో అపర్చర్ పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది, నికాన్ జీ రకం లెన్సుల్లో పూర్తిగా మూసుకుపోతుంది.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చిన దారి: టెలిఫొటో జూమ్ ముందు తగిలించే మంచి క్లోజప్ లెన్స్. పేరున్నది రేనాక్స్ డీసీఆర్-250. దీని శక్తి 8 డయాప్టర్లు (కళ్ళద్దాల పవర్ కొలతే ఇది). 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ సైజున్న ఏ లెన్స్‌కైనా క్లిప్పులా పట్టుకుంటుంది. జూమ్ ఫోకస్‌ని దూరానికి పెట్టినప్పుడు లెక్క ఇది: ఫోకల్ లెంగ్త్‌ని డయాప్టర్లతో గుణించి వెయ్యితో భాగించాలి. క్యానన్ 55-250ని 100 దగ్గర పెడితే 0.8, అంటే ఫ్రేములో అడ్డంగా 28 మి.మీ., పది రూపాయల బిళ్ల వెడల్పు సరిగ్గా పట్టేంత. 250 దాకా లాగితే 2, అంటే 11 మి.మీ. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా బిళ్ల సైజు నుంచి తేనెమంచు పురుగు సైజు దాకా వెళ్ళొచ్చన్న మాట. లెన్స్ ముందు 11, 12 సెంటీమీటర్ల ఎడం కూడా ఉంటుంది. ఇంకాస్త దూరం కావాలనుకునేవాళ్ళకి డీసీఆర్-150 ఉంది. దాని శక్తి 4.8 డయాప్టర్లు, ఎడం సుమారు 20 సెంటీమీటర్లు, 250 దగ్గర 1.2 వస్తుంది. గొట్టాలకి లేని ఇంకో లాభమూ ఉంది, దీంతో వెలుగు తగ్గదు. ఆన్‌లైన్‌లో నాలుగు ఫిల్టర్లు కలిపి చవగ్గా అమ్మే ప్లస్ 1, 2, 4, 10 సెట్ల జోలికి మాత్రం పోవద్దు. ఒంటి గాజుతో చేసినవి కాబట్టి అంచుల్లో ఊదా, ఆకుపచ్చ రంగులు చిమ్ముతాయి.

నాలుగోది అసలైన మాక్రో లెన్స్. క్యానన్ ఈఎఫ్ 100 ఎఫ్ 2.8లో ఎల్ (ఖరీదైన వరస) కాని పాత రకం, టామ్రాన్ 90, టోకినా 100 సెకండ్ హ్యాండ్‌లో చూడదగ్గవి. నికాన్‌లో 40, 85 డీఎక్స్ మైక్రోలు ఉన్నాయి. నికాన్ వాళ్ళు మాక్రోని మైక్రో అంటారు, కంగారు పడొద్దు. సౌకర్యంలో వీటికి సాటి లేదు. దూరపు కొండ నుంచి చీమ దాకా ఏదీ తగిలించకుండా, ఏదీ విప్పకుండా తీయొచ్చు. కానీ మొదటి ఏడాదిలో దీని అవసరం అందరికీ రాదు. ముందు రేనాక్స్‌తో తీసి, ఆ సరదా నిలబడితే అప్పుడు మాక్రో లెన్స్ కొనండి. రేనాక్స్ అప్పుడు కూడా వృథా కాదు, ఆ లెన్స్ ముందే తగిలించి 1:1 దాటి వెళ్ళొచ్చు.

4. వెలుగు: సగం ఖర్చు ఇక్కడ పెట్టినా తప్పులేదు

గెంతే సాలీడుని 1:1లో, ఎఫ్ 11 (అపర్చర్ అంకె, పెరిగితే కన్నం చిన్నదవుతుంది) దగ్గర తీశారనుకోండి. ఏపీఎస్-సీ సెన్సర్ మీద స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ముందున్న పెద్ద కళ్ళు రెండూ మెరుస్తూ వస్తాయి, వాటి చుట్టూ వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. వెనక కాళ్ళు అప్పటికే మసకలోకి జారిపోతాయి. ఎఫ్ 2.8 దగ్గర తీస్తే రెండో కన్ను కూడా దక్కదు. కాబట్టి క్లోజప్‌లో ఎఫ్ 8 నుంచి 13 మధ్యే బతకాలి. 16, 22 దాకా పోతే ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది.

ఇంకో మెలిక ఉంది. మాక్రో లెన్స్‌తో గానీ గొట్టాలతో గానీ 1:1కి వెళితే సెన్సర్‌కి చేరే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ఎఫ్ 11 అని పెట్టినా పనిచేసేది ఎఫ్ 22లాగే. దాని మీద మన చెయ్యి వణుకు, కొమ్మ ఊగడం. మధ్యాహ్నం ఎర్రటి ఎండలో కూడా షట్టర్ చాలినంత వేగం అందదు. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) పెంచితే గింజలు గింజలుగా వస్తుంది. ఈ మూడు చిక్కులకీ జవాబు ఒకటే, ఫ్లాష్. దాని పవర్ తగ్గించి పెడితే మెరుపు సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే ఉంటుంది. కదలిక అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఖరీదైన రింగ్ ఫ్లాష్ అక్కర్లేదు. గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్ ఒకటి, దాని ముందు చేత్తో చేసుకున్న డిఫ్యూజర్ (వెలుగుని మెత్తబరిచే తెర) ఒకటి చాలు. డిఫ్యూజర్ చెయ్యడం పావుగంట పని. పాత అట్టపెట్టె నుంచి ఫ్లాష్ తల పట్టేంత గొట్టం చేసి, లోపల వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించండి. ముందు వైపు వెడల్పుగా, అరచెయ్యి కంటే పెద్దగా తెరవండి. ఆ మూతికి స్టేషనరీ అంగట్లో దొరికే ట్రేసింగ్ పేపర్ రెండు పొరలు, మధ్యలో వేలెడు ఖాళీ ఉంచి అతికించండి. మూతి అంచు లెన్స్ కొస దాటి పురుగు మీదికి వంగి ఉండాలి. వెలుగు వచ్చే ముఖం పురుగుకి ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే పెంకుపురుగు వీపు మీద తెల్లటి మచ్చ అంత మెత్తబడుతుంది. బాడీ మీద లేచే చిన్న ఫ్లాష్ ఉంటే మొదట్లో దానికే ట్రేసింగ్ పేపర్ కట్టి చూడండి. లెన్స్ పొట్టిదైతే అదీ పనిచేస్తుంది, పొడుగు లెన్సైతే కింద నీడ పడుతుంది.

నగలకి ఫ్లాష్ కంటే కిటికీ వెలుగు, తెల్ల థర్మాకోల్ షీట్లు, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ మేలు. బంగారం చుట్టూ ఉన్నదాన్నంతా తనలో చూపిస్తుంది. ముందు మీరు వేసుకున్న చొక్కా రంగు చూసుకోండి.

5. ఇప్పుడు బాడీ

ఇంతదాకా వచ్చాక బాడీని అడగాల్సినవి కొన్నే. చేత్తో ఫోకస్ చేసుకునేటప్పుడు స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాలి. ఫ్లాష్ పెట్టే చోటు సరిగ్గా ఉండాలి. మాన్యువల్ మోడ్ ఉండాలి. ఆటోఫోకస్ వేగం, సెకనుకి ఎన్ని ఫొటోలు లాంటివి 1:1 దగ్గర పనికొచ్చేవి కావు. మెగాపిక్సెళ్ళ టెన్షన్ అసలే వద్దు. ఏ4 కాగితం మీద 300 డీపీఐతో ప్రింటు వేయడానికి 9 మెగాపిక్సెళ్ళ లోపే సరిపోతాయి. 2013లో వచ్చిన 18 మెగాపిక్సెళ్ళ బాడీ ఈ పనికి పాతబడలేదు.

పనికొచ్చేది మాత్రం తిరిగే స్క్రీన్. పురుగులు నేల మీద, ఆకు అడుగున ఉంటాయి. స్క్రీన్ తిరగకపోతే ప్రతి ఫొటోకీ బోర్లా పడుకోవాలి. క్యానన్‌లో 600డి, 700డి, 200డి, నికాన్‌లో డీ5300 ఈ లెక్కలోకి వస్తాయి. 1300డి కూడా మంచిదే, స్క్రీన్ మాత్రం తిరగదు.

ఒక ఉచ్చు గురించి చెప్పి తీరాలి. క్యానన్ 1500డి, 3000డి, 200డి రెండో రకం, ఈ మూడిట్లో ఫ్లాష్ బిగించే చోట మధ్యన ఉండాల్సిన కాంటాక్టు తీసేశారు. ఆ ఒక్క చుక్క లేకపోతే చవక మాన్యువల్ ఫ్లాష్ దాని మీద వెలగదు. క్యానన్‌కి పనిచేసే టీటీఎల్ (వెలుగు తనే లెక్కగట్టుకునే) ఫ్లాష్ కొనాలి, అది ఖర్చు. 1300డి, 700డి, మొదటి 200డిలో ఈ తలనొప్పి లేదు. 1500డి కొత్తది కాబట్టి 1300డి కంటే మేలని అంగట్లో చెప్తారు. క్లోజప్‌కి అది తిరగబడుతుంది.

నికాన్‌లో డీ3000, డీ5000 వరసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డి మైక్రో లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ చెయ్యవు. చేత్తో తిప్పుకుంటాం అనుకుంటే అది లోపం కిందికి రాదు, పైగా ఆ కారణంగానే ఆ లెన్సులు చవగ్గా దొరుకుతాయి.

మిర్రర్‌లెస్‌ వ్యూఫైండర్‌లోనే పెద్దది చేసి చూపిస్తుంది, అది నిజంగా హాయి. బడ్జెట్ ఉంటే పాత సోనీ, ఒలింపస్ బాడీలు చూడండి. చేత్తో ఫోకస్ చేసే 7ఆర్టిజాన్స్ 60, టీటీఆర్టిజాన్ 40 లాంటి 1:1 లెన్సులు వాటికి తక్కువలోనే వస్తాయి. బ్రిడ్జ్ కెమెరా (లెన్స్ విడిగా రాని పెద్ద జూమ్ కెమెరా) ఇంట్లో ఉంటే అమ్మేయొద్దు. చిన్న సెన్సర్ వల్ల ఎక్కువ మందం స్పష్టంగా వస్తుంది, దాని జూమ్ ముందు రేనాక్స్ తగిలిస్తే పురుగులు బాగా తీస్తుంది.

నా ఓటు ఎటంటే: పురుగులకి సెకండ్ హ్యాండ్ 700డి, సెకండ్ హ్యాండ్ 55-250, కొత్త రేనాక్స్ 250, మాన్యువల్ ఫ్లాష్. బేరం కుదిరితే మొత్తం కొత్త బాడీ ఒక్కదాని ధరలోనే వచ్చేస్తుంది. నగలు, కలంకారీ, నాణేలకి అదే బాడీ, 50 ఎస్‌టీఎం, కాంటాక్టులున్న గొట్టాలు, గట్టి ట్రైపాడ్. ఇప్పటికే ఏదో ఒక డీఎస్ఎల్ఆర్ ఇంట్లో ఉన్నవాళ్ళు బాడీ మాటే ఎత్తొద్దు. పైన మూడో భాగంలో చెప్పిన దారుల్లో ఒకటి పట్టుకుంటే చాలు.

6. ఎప్పుడు, ఎక్కడ, ఎలా కొనాలి

ఆషాఢంలో కొనండి. మూఢాల్లోనూ అంతే. ముహూర్తాలుండవు, పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళకి పని ఉండదు, చేతిలో డబ్బు ఆడదు. పాత బాడీలు అమ్మకానికి వచ్చేది అప్పుడే. శ్రావణం మొదలయ్యాక అదే బాడీకి ఎక్కువ చెప్తారు. తిరుపతిలో కల్యాణ మండపాలకి కొదవ లేదు, వాటిని నమ్ముకున్న స్టూడియోలకీ కొదవ లేదు. రెండు మూడు స్టూడియోల్లో ముందే చెప్పి ఉంచితే ఫోన్ వాళ్ళే చేస్తారు. ఇక్కడ దొరకని లెన్స్ కోసం చెన్నై వెళ్ళి రావడం కష్టమేం కాదు. పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అంగళ్ళు తెరిచే వేళకి అక్కడుంటారు. చిత్తూరు వాళ్ళకి బెంగళూరు కూడా అందుబాటే.

పెళ్ళిళ్ళలో వాడిన బాడీ కొనేటప్పుడు ఒక్క మాట, షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు నొక్కారన్న లెక్క) గురించి. "షట్టర్ కౌంట్ ఇరవై వేలేన్నా, కొత్త దానికిందే లెక్క" అంటారు. నిజమే అయ్యుండొచ్చు. కానీ వీడియో తీస్తే షట్టర్ కౌంట్ పెద్దగా పెరగదు. రాత్రంతా రిసెప్షన్ వీడియో తీసి సెన్సర్ కాగిన బాడీకి కూడా కౌంట్ తక్కువే చూపిస్తుంది. "అన్నా, దీంతో వీడియోలు ఎక్కువ చేశారా, ఫొటోలా?" అని మొహమాటం లేకుండా అడగండి. అడిగాక కూడా ఈ పరీక్షలు చెయ్యండి.

లెన్స్‌ని బాడీ నుంచి విప్పి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. ఒకటి రెండు దుమ్ము రేణువులు ఉంటే పరవాలేదు. తర్వాత లెన్స్ బిగించి, ఎఫ్ 16 దగ్గర పెట్టి, ఫోకస్ తప్పించి, తెల్ల గోడని ఫొటో తియ్యండి. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీద మచ్చలు నల్ల చుక్కలుగా బయటపడతాయి. తుడిస్తే పోయేవి కొన్ని ఉంటాయి, ఎక్కువ ఉంటే బేరానికి పనికొస్తాయి. లెన్స్‌కి మూత పెట్టి ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్ ఒకటి ఇవ్వండి. ఎర్ర, నీలం చుక్కలు గుంపులుగా వస్తే సెన్సర్ బాగా వాడినది. మీ ఫ్లాష్ లేదా వాళ్ళ దగ్గరున్న మాన్యువల్ ఫ్లాష్ పెట్టి వెలిగించి చూడండి. కార్డు పెట్టే చోట సూదులు వంగలేదు కదా, బ్యాటరీ ఉబ్బలేదు కదా చూసుకోండి. నికాన్ షట్టర్ కౌంట్ ఫొటో ఫైల్లోనే ఉంటుంది. క్యానన్‌లో చాలావాటికి కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. ఎంట్రీ లెవెల్ బాడీల షట్టర్‌ని సుమారు లక్ష నొక్కుళ్ళకి లెక్కేస్తారు, సగం లోపు ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు.

చివరికి బిల్లు. బిల్లు మీద సీరియల్ నంబరు, బాడీ అడుగున నంబరు ఒకటే అయ్యుండాలి. బిల్లు పోయిందంటే కనీసం అమ్మేవాళ్ళ సంతకంతో నంబరు వేసిన కాగితం రాయించుకోండి. జేబులో స్కేలు పెట్టుకెళ్ళడం మరిచిపోవద్దు.

7. మొదటి వారం

శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. బంగారు బల్లి ఉన్న కొండలివి. చూడగానే లోపలికి వెళ్ళాలనిపిస్తుంది. వెళ్ళకండి. ఎర్రచందనం నిఘా ఉన్న రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కెమెరా సంచీతో తిరిగితే సమాధానం చెప్పుకోవడం కష్టం. తలకోన లాంటి చోట్ల అటవీ శాఖ టికెట్టు తీసుకుని, తెరిచి ఉన్న దారిలోనే నడవండి. తిరుమల ఆలయంలోకి కెమెరా ఎలాగూ రానివ్వరు. అయినా క్లోజప్‌కి అడవి అక్కర్లేదు. డాబా మీద కరివేపాకు మొక్క, పెరట్లో జిల్లేడు, ఊరిబయట మామిడి తోపు ఉంటే ఏడాది పొడుగునా సరిపోయేంత పని ఉంటుంది.

పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య వెళ్ళండి. చల్లదనానికి పురుగులు మందకొడిగా ఉంటాయి, గాలి కూడా తక్కువ. కెమెరా మాన్యువల్ మోడ్‌లో, షట్టర్ 1/200, ఎఫ్ 11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ పవర్ 1/16 దగ్గర మొదలుపెట్టి, చీకటిగా వస్తే ఫ్లాష్ మాత్రమే పెంచుకోండి. ఫోకస్ రింగు తిప్పడం మానేసి, దాన్ని ఒక చోట ఉంచేసి, నడుముని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతూ కళ్ళు స్పష్టంగా కనిపించిన క్షణంలో నొక్కండి. ఎడమ చేత్తో కొమ్మనీ లెన్స్ కొసనీ కలిపి పట్టుకుంటే రెండూ కలిసి ఊగుతాయి, బ్లర్ సగం తగ్గుతుంది. పది నొక్కితే ఒకటి నిలుస్తుంది, అందరికీ అంతే. ఫొటో కోసం పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చేవాళ్ళున్నారు, ఆ పని చెయ్యొద్దు.

8. దాచడం

మనకి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఫంగస్ పట్టేదీ అప్పుడే. రబ్బరు అంచు మూతున్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. రంగు మారే రకం జెల్ అయితే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. తోలు సంచీలో, బట్టల బీరువాలో పెట్టొద్దు. వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తియ్యండి. వాడనప్పుడు ఫ్లాష్‌లో పెన్సిల్ సెల్స్ తీసేయండి, అవి కారితే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి.